పార్టీ తప్పు చేసినా ఓటు ఎందుకు కదలదు? బూత్ స్థాయిలో తేల్చే పద్ధతి

2019లో ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 175 సీట్లలో 23కి పడిపోయింది. ఆ ఎన్నికలో దానికి వచ్చిన ఓట్లు 39.17 శాతం. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ 151 సీట్ల నుంచి 11కి పడిపోయింది. దానికి వచ్చిన ఓట్లు 39.37 శాతం. సీట్ల పట్టిక చూస్తే రెండు పార్టీలూ తుడిచిపెట్టుకుపోయినట్టే ఉంటుంది. ఓట్ల పట్టిక చూస్తే, ఊరంతా అంత కోపంగా మాట్లాడుకున్న ఏడాదిలో కూడా పదిమందిలో దాదాపు నలుగురు ఆ పార్టీకే వేశారు.

ఆ నలుగురి గురించి టీ కొట్టు దగ్గర అడిగితే మూడు జవాబులు సిద్ధంగా దొరుకుతాయి: కులం, డబ్బు, పథకాలు. మూడింటిలోనూ కొంత నిజముంది. కానీ మూడూ ఆలోచనను అక్కడితో ఆపేస్తాయి. పథకాలే ఓటును కట్టిపడేసేవైతే, ఖాతాల్లోకి నేరుగా అంత డబ్బు వేసిన ప్రభుత్వం 2024లో ఓడిపోయేది కాదు. కులమే అయితే, ఒకే కులం ఎక్కువగా ఉన్న పక్కపక్క ఊళ్లు చెరో పార్టీకి ఎందుకు వేస్తున్నాయో చెప్పాలి. కదలని ఓటు ఒకే రకం సరుకు కాదు. వేరువేరు కారణాలతో ఆగిపోయిన మనుషులు లెక్కింపు రోజున ఒకే గుర్తు కింద కనిపిస్తారు. వాళ్లను మళ్లీ విడదీసి చూడటమే ఇక్కడ చెప్పబోయే పని.

దీనికి ఒక మండలం చాలు. ఇద్దరు మనుషులు కావాలి, అందులో ఒకరు మహిళ అయి తీరాలి. మూడు వారాల సమయం పెట్టుకోండి. స్థానిక విలేకరులు, రాజనీతిశాస్త్రం చదివే విద్యార్థులు, తమ పార్టీ గురించి నిజం తెలుసుకునే ధైర్యమున్న కార్యకర్తలు ఎవరైనా చేయొచ్చు.

ముందు ఫారం 20

నియోజకవర్గం మొత్తం ఫలితంతో ఈ పని జరగదు. బూత్‌వారీ ఓట్లు కావాలి. అవి ఫారం 20 అనే తుది ఫలితాల పట్టికలో ఉంటాయి. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో నియోజకవర్గాలవారీగా పెడతారు. ప్రతి వరుస ఒక పోలింగ్ కేంద్రం. ఒక్కో అభ్యర్థికి పడిన ఓట్లు, చెల్లిన ఓట్ల మొత్తం, నోటా పక్కపక్కన ఉంటాయి. చాలావరకు స్కాన్ చేసిన కాగితాలే కాబట్టి అంకెలు చేత్తో ఎక్కించుకోవాలి. ఎక్కించాక ప్రతి వరుస కూడి, పట్టికలో ఉన్న మొత్తంతో సరిచూడండి. 3, 8 తారుమారు కావడం మామూలే.

పోస్టల్ ఓట్లు ఏ బూత్‌లోనూ కలవవు, పట్టిక చివర విడిగా వస్తాయి. ఉద్యోగులు ఎక్కువున్న పట్టణ నియోజకవర్గాల్లో ఇది గుర్తు పెట్టుకోండి.

అసలు చిక్కు బూత్ నంబర్లతో వస్తుంది. 2019లో 112వ బూత్, 2024లో 112వ బూత్ ఒకటే అనుకుంటే మొత్తం లెక్క పాడవుతుంది. ఓటర్లు పెరిగినప్పుడల్లా కేంద్రాలను విడగొడతారు, కలుపుతారు, నంబర్లు జరుగుతాయి. నంబరును వదిలేసి, ఓటర్ల జాబితాలో ప్రతి భాగం మొదటి పేజీ చూడండి. ఆ భాగంలోకి ఏ వీధులు, ఏ వార్డులు వస్తాయో అక్కడ రాసి ఉంటుంది. వీధులను బట్టి జత కట్టండి. ఒక ఊరికి మూడు బూత్‌లుండి, వాటి మధ్య వీధులు అటూఇటూ మారి ఉంటే మూడింటినీ కలిపి ఒకే ఊరుగా లెక్కించడం మేలు.

2009 కంటే వెనక్కి వెళ్లకండి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత ఇప్పటి హద్దులతో జరిగిన మొదటి ఎన్నిక అదే. పోలవరం ముంపు మండలాల వాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. 2014లో ఆ ఊళ్లు తెలంగాణ నియోజకవర్గాల్లో ఓటేశాయి, 2019 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అక్కడ రెండు ఎన్నికలనూ ఒకే గీత మీద పెట్టి పోల్చడం కుదరదు.

పొత్తులను సరిచేయకుండా ఏ శాతాన్నీ నమ్మొద్దు. 2019లో తెలుగుదేశం ఒంటరిగా పోటీ చేసింది కాబట్టి ఆ 39 శాతం దాని సొంత ఓటే. 2024లో ఆ పార్టీకి వచ్చిన 45.60 శాతం 144 సీట్లలో పోటీ చేసి తెచ్చుకున్నది. అందులో జనసేన, బీజేపీ ఓట్లు కలిసి ఉన్నాయి. పిఠాపురంలాంటి చోట సైకిల్ గుర్తే లేదు కాబట్టి, అక్కడి తెలుగుదేశం ఓటరు విధేయత 2024 పట్టికలో కనిపించదు. అలాంటి నియోజకవర్గాన్ని ఎంచుకోకపోవడమే మంచిది.

అంకె ఎంతవరకు చెబుతుంది

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. బూత్‌లో పార్టీకి వరుసగా రెండుసార్లు 40 శాతం వచ్చిందంటే, అదే మనుషులు రెండుసార్లూ వేశారని రాసేస్తారు. ఎనభైమంది పోయి, ఇంకో ఎనభైమంది వచ్చినా అంకె అలాగే ఉంటుంది.

లెక్క కోసం వెయ్యిమంది ఓటర్లున్న బూత్ ఒకటి అనుకోండి. జాబితా పెద్దగా మారలేదు. పార్టీకి మొదటిసారి 480, రెండోసారి 400 వచ్చాయి. రెండుసార్లూ వేసినవాళ్లు 400 కంటే ఎక్కువ ఉండటానికి వీల్లేదు. తక్కువలో తక్కువ ఎంత? రెండూ కూడి వెయ్యి తీసేయాలి: 480 + 400 − 1,000. సున్నా కంటే తక్కువ వచ్చింది. అంటే ఒక్కరు కూడా రెండుసార్లూ వేయకపోయినా ఈ అంకెలు రావచ్చు. ఇప్పుడు ఇంకో బూత్: 780, 720. రెండూ కూడి వెయ్యి తీస్తే 500. ఇక్కడ కనీసం ఐదువందలమంది రెండుసార్లూ అదే గుర్తుకు వేశారని గట్టిగా చెప్పొచ్చు. ఏకపక్షంగా ఉన్న బూత్‌లో విధేయతను కాగితం మీదే రుజువు చేయొచ్చు. సమానంగా చీలిన బూత్‌లో ఇంటికెళ్లి అడగక తప్పదు.

ఐదేళ్ల తేడా ఉంటే చావులు, కొత్త ఓటర్లు, పెళ్లి చేసుకుని వెళ్లినవాళ్లు, వచ్చినవాళ్లు లెక్కను పలచన చేస్తారు. అందుకే తెలంగాణ వాళ్ల చేతిలో మంచి అవకాశముంది. 2023 నవంబరు 30న అసెంబ్లీకి, 2024 మే 13న లోక్‌సభకు పోలింగ్ జరిగింది. ఆరు నెలల లోపే. మనుషులు దాదాపు వాళ్లే. బీఆర్ఎస్ ఓటు 37.35 శాతం నుంచి 16.68కి పడింది, 17 లోక్‌సభ సీట్లలో ఒక్కటీ రాలేదు. ఆ 37లో సగానికి పైగా ఓటు పార్టీని కాక, ముఖ్యమంత్రి పదవినో, ఊళ్లో తెలిసిన ఎమ్మెల్యేనో చూసి పడిందన్నమాట. ప్రతి బూత్‌లోనూ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టండి. తేడా తక్కువగా ఉన్న బూత్‌లే మీకు కావలసినవి.

ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఓట్లు ఒకే రోజు పడతాయి కాబట్టి తేడా వేరే సంగతి చెబుతుంది. ఒకే బూత్‌లో ఎమ్మెల్యే అభ్యర్థికి 510, అదే పార్టీ ఎంపీ అభ్యర్థికి 460 వచ్చాయనుకుందాం. ఆ యాభై ఎమ్మెల్యే సొంత ఓటు కావొచ్చు, ఎంపీ అభ్యర్థి మీద అయిష్టం కావొచ్చు. పక్క నియోజకవర్గంలోనూ అదే ఎంపీ అభ్యర్థికి తక్కువ పడి ఉంటే రెండోదే కారణం.

ఈ లెక్క అయ్యాక ఎనిమిది బూత్‌లు ఎంచుకోండి. వరుసగా మూడు ఎన్నికల్లో పార్టీ శాతం పెద్దగా కదలనివి మూడు, బాగా ఊగినవి రెండు, ఎదుటి పార్టీకి కంచుకోటలు రెండు, మండల కేంద్రంలోది ఒకటి. కదలనివి మాత్రమే చూస్తే అక్కడ కనిపించిన ప్రతిదీ విధేయతకు కారణంలాగే అనిపిస్తుంది. అదే సంగతి ఊగిన బూత్‌లోనూ ఉందని తెలిస్తే ఆ కారణాన్ని కొట్టేయొచ్చు.

తప్పుకూ ఓటుకూ మధ్య నాలుగు గడపలు

ప్రభుత్వం చేసిన తప్పు ఓటుగా మారాలంటే నాలుగు గడపలు దాటాలి. ఆ తప్పు ఓటరుకు తెలియాలి. వాళ్ల ఇంటికి తగలాలి. ఆ తప్పు పార్టీదేనని వాళ్లు ఒప్పుకోవాలి. పార్టీని వదిలితే పోవడానికి ఇంకో చోటు ఉండాలి. విధేయుడైన ఓటరు వీటిలో ఏదో ఒకచోట ఆగిపోతాడు. ఎక్కడ ఆగాడో గుర్తించడమే మీ పని. "ఆ పార్టీకే ఎందుకు వేస్తారు" అని అడిగారంటే అప్పటికప్పుడు అల్లిన జవాబు వస్తుంది. ఆ ప్రశ్న అసలు అడగొద్దు.

మొదటి రెండు గడపలు త్వరగా తేలతాయి. 2023 అక్టోబరు 21న తెలంగాణలో కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాయి. పోలింగ్‌కు ఆరు వారాలు కూడా లేదు, టీవీల్లో అదే వార్త. తెలియనివాళ్లు తక్కువ. కానీ బోరు మీద సాగు చేసుకునే రైతుకు ఆ బ్యారేజీతో రోజువారీ సంబంధం లేదు. మూడు రాజధానుల ప్రకటన అమరావతి చుట్టుపక్కల ఇళ్లలో పొలం ధర మీద, పిల్లల పెళ్లి సంబంధాల మీద దెబ్బ కొట్టింది. అదే ప్రకటన మడకశిరలో చర్చకే పరిమితమై ఉంటుంది. అందుకని ఒక తప్పు పేరు చెప్పి "దీనివల్ల మీ ఇంట్లో ఏమైంది?" అని అడగండి. "ఏమైంది" అన్న మాటే అడగాలి. "ఏమనుకుంటున్నారు" అంటే అభిప్రాయం చెబుతారు.

మూడో గడప దగ్గర ఎక్కువసేపు కూర్చోవాలి. ఆగిపోయేవాళ్లు చాలామంది ఇక్కడే ఆగుతారు. "మీ పార్టీ చేసిన తప్పు ఒకటి చెప్పండి" అని అడగండి. నిజమైన విధేయులు కూడా చెబుతారు, కొందరు ఎదుటి పార్టీవాళ్లకంటే ఘాటుగా చెబుతారు. వెంటనే "ఆ తప్పు ఎవరిది?" అని అడిగి, వచ్చిన మాటను ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.

"పెద్దాయనకు తెలియనివ్వరండీ, చుట్టూ ఉన్నోళ్లే చెడగొట్టారు" అంటే తప్పును కిందికి దించేశారు. నాయకుడు శుభ్రంగా మిగిలాడు. ఇలాంటి ఓటరు స్థానిక అభ్యర్థిని ఓడించడానికి సిద్ధపడతాడు, ముఖ్యమంత్రిని మాత్రం వదలడు. "ఎవరు తెలియనివ్వలేదు?" అని ఇంకో మాట అడగండి. ఎమ్మెల్యే పేరు చెబితే ఒక సంగతి, అధికారులను అంటే ఇంకో సంగతి. "రాష్ట్రాన్ని విడగొట్టి వదిలేశారు, డబ్బులెక్కడివి", "ఢిల్లీవాళ్లు ఇవ్వలేదు", "రెండేళ్లు కరోనాకే పోయె" లాంటి జవాబుల్లో తప్పు పరిస్థితి మీదికి పోయింది. 2018 మార్చిలో ప్రత్యేక హోదా పేరుతో తెలుగుదేశం ఎన్డీయే నుంచి బయటికి రావడం తన ఓటర్ల చేతికి ఇలాంటి జవాబునే అందించింది. ఆ మాట ఊగే ఓటరును ఆపలేదు, కానీ ఉన్న ఓటరు ఉండిపోవడానికి సరిపోయింది.

"వాళ్లు మాత్రం తక్కువ తిన్నారా?" అన్న మాట వినగానే మూడో గడప కింద రాయొద్దు. తప్పు తమదేనని ఆ మనిషి ఒప్పుకున్నాడు. ఆగింది నాలుగో గడప దగ్గర.

నాలుగో గడప ఊరి లోపలి సంగతి, బయటివాళ్లకు తొందరగా కనిపించదు. రాయలసీమలో, పల్నాడులో చాలా ఊళ్లలో పార్టీకంటే ముందు రెండు వర్గాలుంటాయి. గట్టు తగాదానో, పాత సర్పంచి ఎన్నికో, ఏదో ఒకటి మొదట విడదీసింది. ఒక వర్గం ఫ్యానుకు పోతే రెండో వర్గం సైకిల్‌కు పోయింది. ఇప్పుడు మొదటి వర్గం మనిషికి తన పార్టీ మీద ఎంత విసుగొచ్చినా, ఎదుటి పార్టీ జెండా మోస్తున్నది తన గట్టు జరిపిన కుటుంబం. అక్కడికి పోతే రేపు పోలీస్ స్టేషన్‌లో తన తరఫున మాట్లాడేదెవరు? కులం లెక్కకు అంతుపట్టని ఊళ్లు ఇక్కడ అర్థమవుతాయి. రెండు వర్గాల పెద్దలదీ ఒకే కులం అయి ఉండటం అరుదేమీ కాదు.

దీన్ని నేరుగా అడిగితే ఎవరూ చెప్పరు. ఐదు పనుల జాబితా పెట్టుకోండి: పింఛను, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, స్టేషన్ వ్యవహారం, ఆసుపత్రి ఖర్చుకు సీఎం సహాయనిధి చెక్కు. ఒక్కోదానికి "మీ ఇంట్లో ఈ పని పడినప్పుడు ఎవరిని వెంటబెట్టుకుని వెళ్లారు?" అని అడగండి. ఐదులో మూడింటికి ఒకే మనిషి పేరు వస్తే ఆ ఓటు పార్టీది కాదు, ఆ మనిషిది. ఆయన పార్టీ మారిన రోజున ఈ ఓటు కూడా లేచి వెళ్తుంది.

పెద్ద ఎత్తున ఇది ఎలా ఉంటుందో కాంగ్రెస్‌లో చూశాం. 2009లో ఉమ్మడి రాష్ట్రంలో 156 సీట్లు గెలిచిన పార్టీకి 2014లో 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క సీటూ రాలేదు. విభజన కోపం నిజమే. కానీ ఆ ఓటరు గ్రామంలో తన పెద్దను, తన వర్గాన్ని, ఇంట్లో గోడ మీది వైఎస్ ఫొటోను వదల్లేదు, గుర్తును మాత్రమే వదిలాడు. అద్దంకిలో గొట్టిపాటి రవికుమార్ 2009లో కాంగ్రెస్ నుంచి, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి, 2019లోనూ 2024లోనూ తెలుగుదేశం నుంచి గెలిచారు. ఎవరైనా మారి గెలవొచ్చనుకుంటే మాత్రం పొరపాటు. 2014 తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తెలుగుదేశంలోకి వెళ్లిన ఎమ్మెల్యేల్లో చాలామందికి 2019లో ఆ అదృష్టం దక్కలేదు. అలాంటి నియోజకవర్గం మీ దగ్గర ఉంటే, నాయకుడు మారినప్పుడు ఏ బూత్‌లు ఆయన వెంట వెళ్లాయో, ఏవి గుర్తు దగ్గరే ఉండిపోయాయో ఫారం 20లోనే గీత గీసి చూపొచ్చు.

నాలుగు గడపలూ దాటినా ఓటు మార్చనివాళ్లు కొందరుంటారు. తప్పు తెలుసు, తగిలింది, పార్టీదేనని ఒప్పుకున్నారు, ఎదుటివాళ్లతో పేచీ కూడా లేదు. "మేం సైకిలోళ్లమండీ", "మాది ఎర్రజెండా కుటుంబం" అంటారు. వీళ్లను మూఢులని రాసేయడం అన్యాయం. "ఏ ప్రభుత్వం వల్లయినా మీ ఇంటికి జరిగిన మంచి ఒకటి చెప్పమంటే ఏది చెబుతారు?" అని అడగండి. కిలో 2 రూపాయల బియ్యం, 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దు, ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ కింద జరిగిన గుండె ఆపరేషన్: ఇలాంటివి ఇంటి తలరాతను ఒక్కరోజులో మార్చిన సంగతులు. ఆ రుణం ముందు ఐదేళ్ల తప్పులు చిన్నవిగా కనిపిస్తాయి. జవాబు పదేళ్లకంటే పాతదైతే "జ్ఞాపకం" అని గుర్తు పెట్టి, అదే ఇంట్లో ముప్పై దాటనివాళ్లను విడిగా అదే ప్రశ్న అడగండి. పెద్దాయన చెప్పిన సంగతే వాళ్లూ చెబితే ఆ ఓటు ఇంకో తరం నిలుస్తుంది. వాళ్లు ఉద్యోగాల గురించి మాట్లాడితే ఆ ఇంట్లో ఓటు ఇప్పటికే చీలి ఉంటుంది, పెద్దాయనకు తెలియకపోవచ్చు.

ఇంటి దగ్గర

బూత్‌కు 24 ఇళ్లు. జాబితాలో వెయ్యి పేర్లుంటే ప్రతి 41వ పేరు. మొదటి పేరు చీటీ తీసి ఎంచుకోండి. రచ్చబండ దగ్గర, హోటల్ బల్ల దగ్గర దొరికినవాళ్లను అడిగితే పని తేలిగ్గా అయిపోతుంది. అక్కడ కూర్చునేది పార్టీ మనుషులే కాబట్టి ఊరంతా విధేయులే అని తేలుతుంది. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, కూలికి పోయినవాళ్లు అప్పుడే ఇంట్లో ఉంటారు. తాళం ఉంటే రెండుసార్లు తిరిగి వెళ్లండి. అప్పటికీ లేకపోతే "వలస" అని రాసుకోండి తప్ప, పక్కింటివాళ్లతో ఖాళీ నింపొద్దు. హైదరాబాద్, బెంగళూరు నుంచి పోలింగ్ రోజున బస్సెక్కి వచ్చి ఓటేసి వెళ్లేవాళ్లు వీళ్లే. వాళ్లు ఎంతమందో తెలియడం కూడా ఒక ఫలితమే.

ఊరి పెద్దను వెంట తీసుకెళ్లొద్దు. ఆయన మర్యాదకు వచ్చినా జవాబులు మారిపోతాయి. మగవాళ్లు గుమ్మంలో మాట్లాడుతుంటే మీలోని మహిళ వంటింటి వైపు వెళ్లి, ఆ ఇంటి ఆవిడతో విడిగా మాట్లాడాలి. పింఛను, డ్వాక్రా, గ్యాస్ సంగతులు ఆవిడకే తెలుసు. చాలా ఇళ్లలో ఐదు పనుల ప్రశ్నకు భార్యాభర్తలు వేరువేరు పేర్లు చెబుతారు.

ఎవరికి వేశారో నోటితో చెప్పించొద్దు. గుర్తులు అచ్చేసిన చీటీ, మూత బిగించిన డబ్బా తీసుకెళ్లండి. వాళ్లే గీత పెట్టి మడిచి వేస్తారు. చీటీ మీద, జవాబుల కాగితం మీద ఒకే వరుస సంఖ్య ఉంటే, తర్వాత రెండూ జత కలపొచ్చు. ఆ సంఖ్య ఎందుకో వాళ్లకు ముందే చెప్పి, సరేనంటేనే వేయించుకోండి. పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఎక్కడా రాయొద్దు. ఆ కాగితం ఊళ్లో తప్పు మనిషి చేతిలో పడితే ఒకరి పింఛను మీదికి రావచ్చు. పోలింగ్ జరుగుతున్న రోజుల్లో ఇలాంటి ఫలితాలు ప్రచురించడాన్ని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126ఏ సెక్షన్ నిషేధిస్తుంది. ఎన్నికలు లేని నెలల్లో చేయడమే అన్ని విధాలా మంచిది.

గెలిచిన పార్టీకి వేశామని చెప్పుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే ఉంటారు. ఫారం 20లో 52 శాతం ఉన్న బూత్‌లో మీ డబ్బా 65 చూపిస్తే కంగారు పడి పారేయకండి. 24 ఇళ్లతో బూత్ శాతం అటూఇటూ 20 దాకా ఊగుతుంది. కానీ ఎనిమిది బూత్‌ల్లోనూ తేడా ఒకే వైపు ఉంటే, ఓడిన పార్టీ మనుషులు మీ దగ్గర దాక్కుంటున్నారని అర్థం. మొత్తం 192 ఇళ్ల మీద కూడా అటూఇటూ 7 శాతం తేడా ఉంటుంది. కాబట్టి "మూడో గడప దగ్గర ఆగినవాళ్లు 31.8 శాతం" అని రాయొద్దు. "మూడింట ఒకవంతు మంది" అని రాస్తే నిజానికి దగ్గరగా ఉంటుంది.

మధ్యలో వచ్చే స్థానిక ఎన్నికలు

అసెంబ్లీ ఎన్నికల మధ్యలో లెక్కను సరిచూసుకోవడానికి స్థానిక ఎన్నికలు పనికొస్తాయి, కానీ అన్నీ కాదు. సర్పంచి ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఒకే పార్టీలోని రెండు వర్గాలు ఎదురెదురుగా నిలబడిన ఊరు దొరికితే, నాలుగో గడప గురించి దాన్ని మించిన సాక్ష్యం లేదు. ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు గుర్తుల మీదే జరుగుతాయి కాబట్టి పార్టీ ఓటు నేరుగా కనిపిస్తుంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2021 పరిషత్ ఎన్నికలను తెలుగుదేశం బహిష్కరిస్తున్నట్టు ప్రకటించింది. బ్యాలెట్ మీద సైకిల్ కనిపించినా ఆ ఓట్లను ఆ పార్టీ అట్టడుగు బలంగా లెక్కించకూడదు. ఏకగ్రీవాలు జరిగిన స్థానాలనూ తీసేయండి. మిగిలిన స్థానాలను ఊళ్లవారీగా విడదీసి, మీరు ఎంచుకున్న ఎనిమిది బూత్‌లు ఏ ఊళ్లలో ఉన్నాయో వాటితో జత చేసి, అసెంబ్లీ శాతం పక్కన ఇంకో గడిలో రాసి పెట్టుకోండి.